కొత్త పైపు ముక్కే మళ్లీ చిల్లు పడింది, మెగ్నీషియం ఆనోడ్లు పాతితే ఆగుతుందా?

చెరువుగట్టు_ఆకివీడు:
మాది రొయ్యల చెరువండి. బోరు నుంచి చెరువు దాకా భూమిలో ఆరంగుళాల ఇనుప పైపు ఉంది, 250 మీటర్లు, మా నాన్నగారు వేయించింది. రెండేళ్ల కిందట ఒకచోట చిల్లు పడితే పది అడుగులు కోయించి కొత్త ముక్క వెల్డింగ్ చేయించాను. మొన్న గట్టు పక్కన నీళ్లు ఊరుతున్నాయని తవ్విస్తే పాత పైపు బాగానే ఉంది, కొత్త ముక్కే గుంటలు గుంటలుగా తినేసి స్క్రూడ్రైవర్ పెడితే దిగిపోతోంది. నాసిరకం అంటగట్టాడని షాపతనితో గొడవ కూడా పడ్డాను. ఇప్పుడొకాయన నాలుగు మెగ్నీషియం ఆనోడ్లు పాతి వైరు కలిపితే తుప్పే పట్టదంటున్నాడు. నిజమా, డబ్బు మట్టిలో పోసినట్టా?

గోదారి_గాలి:
హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు వేసెయ్ అన్నా, తుప్పూ లేదు టెన్షనూ లేదు.

పాత_పైప్‌లైన్:
ముందు షాపతనికి సారీ చెప్పండి :) పాత పైపు మీద తుప్పు పొర కట్టి ఉంటుంది, దాని పక్కన కొత్త ఇనుము చేరితే తడి మట్టిలో రెండూ కలిసి బ్యాటరీ అయిపోతాయి, అందులో కరిగేది కొత్తదే. మీరు తెలియకుండా పది అడుగుల ఆనోడ్ వెల్డింగ్ చేయించుకున్నారన్నమాట. మెగ్నీషియం చేసేదీ అదే పని, ఇనుము బదులు తను కరుగుతుంది. పాత గీజర్ విప్పితే లోపల రాడ్డు అరిగిపోయి మధ్యలో తీగ మాత్రమే మిగిలి ఉంటుంది చూడండి, అదే ఇది.

కానీ నాలుగు చాలవు. మీ పైపు బయటి వైశాల్యం దాదాపు 130 చదరపు మీటర్లు. కోటింగ్ లేకపోతే తడి నేలలో చదరపు మీటరుకి 20 మిల్లీఆంప్స్ చొప్పున వేసుకున్నా రెండున్నర ఆంప్స్ పైనే కావాలి, ఒక్కో ఆనోడ్ ఇచ్చేది వంద మిల్లీఆంప్స్ అటూ ఇటూ. అదే కోటింగ్ బాగుంటే నాలుగే ఎక్కువ. పైగా ఉప్పు నేలల్లో మెగ్నీషియం త్వరగా కరిగిపోతుంది, జింక్ మేలు. అన్నట్టు, మోటారు ఎర్తింగ్ రాగిదా? అది పైపుకి తగిలి ఉంటే ఆనోడ్ల కరెంటంతా రాగే తాగేస్తుంది. ఎర్తింగ్ తియ్యొద్దు, ప్రాణం మీదకొస్తుంది. మోటారు తర్వాత వచ్చే ఫ్లాంజ్‌లో, అంటే పైపులు బోల్టులతో బిగించే చోట, కరెంటు దాటనివ్వని ఇన్సులేషన్ గ్యాస్కెట్ వేయించండి, బోల్టులకి కూడా అలాంటి స్లీవులు ఉండాలి, అవి మరిస్తే గ్యాస్కెట్ దండగ.

మిల్లు_అబ్బాయి:
మేం మా డీజిల్ ట్యాంకుకి పెట్టించాం. ఆర్నెల్లయినా వోల్టేజి రీడింగ్ కదలకపోతే తవ్వాం, కూలీలు పై ప్లాస్టిక్ కవరు తియ్యకుండానే పాతేశారు! గుడ్డ సంచితో పాతాలి, అందులో జిప్సం, బెంటోనైట్ మట్టి ఉంటాయి, పైన బకెట్లతో నీళ్లు పొయ్యాలి. పని అయ్యాక కాపర్ సల్ఫేట్ హాఫ్ సెల్ (కొలతకి వాడే కడ్డీ) తడి మట్టిలో గుచ్చి మల్టీమీటరుతో పైపు వోల్టేజి మీ ఎదురుగానే చూపించమనండి. మైనస్ 850 మిల్లీవోల్టులు దాటాకే డబ్బులివ్వండి.

చెరువుగట్టు_ఆకివీడు:
ఇప్పుడే బోరు దగ్గరికెళ్లి చూశానండి. రాగి పట్టీ తిన్నగా పైపుకే క్లాంపు వేసి బిగించి ఉంది, పచ్చగా చిలుము పట్టి. ముందు గ్యాస్కెట్ పని చూస్తాను. ఆ పది అడుగుల ముక్క మాత్రం హెచ్‌డీపీఈనే వేస్తున్నాను, దాని అవతల మిగిలిన పైపుకి వైరుతో జంపర్ కలపాలా?

పాత_పైప్‌లైన్:
కలపాలి. లేకపోతే ఆనోడ్లు ఒక పక్కనే కాపాడతాయి. జాయింటు మీద తారు టేపు గట్టిగా చుట్టించండి.