అప్‌డేట్: అమ్మ ఊపిరితిత్తుల క్యాన్సర్, జన్యు పరీక్ష రిపోర్ట్ వచ్చాక

సిగరెట్ ముట్టని అమ్మకి నాలుగో స్టేజి అన్నారు, కీమో వెంటనే మొదలుపెట్టాలా అని మార్చిలో అడిగాను. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్. "జన్యు పరీక్ష వచ్చేదాకా ఆగొచ్చేమో డాక్టర్‌గారిని అడగండి" అన్న సలహానే పనికొచ్చింది.

బయాప్సీ ముక్క పరీక్షకు సరిపోలేదు. మళ్లీ సూది గుచ్చుతారేమోనని ఒకటే టెన్షన్. చివరికి రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీలోనే ఈజీఎఫ్ఆర్ ఎగ్జాన్ 19 డిలీషన్ బయటపడింది. అంటే క్యాన్సర్ కణాల్లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో చిన్న ముక్క ఊడిపోయిన మార్పు (మ్యుటేషన్). అందుకే కీమో బదులు ఈ మార్పు మీదే గురిపెట్టి పనిచేసే ఓసిమెర్టినిబ్ 80 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకొకటి. మూడు నెలల స్కాన్‌లో గడ్డ సగానికి తగ్గింది. దగ్గు లేదు. గోళ్ల పక్కన పుళ్లు, అప్పుడప్పుడు విరేచనాలు ఉన్నాయి.

నేను పట్టుబట్టి అడిగిన పీడీ-ఎల్1 శాతంతో మాకు పని పడలేదు. గడ్డ కణాల మీద ఆ ప్రొటీన్ ఎంత ఉందో చూసి, ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పంపే మందు) పనిచేస్తుందేమో అంచనా వేస్తారు. కానీ అమ్మకున్న ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ ఉంటే ఇమ్యునోథెరపీ మందు ఒక్కటే ఇస్తే పెద్దగా పనిచేయదట. మాత్ర కూడా కొన్నాళ్లకు పట్టు తప్పొచ్చని డాక్టర్‌గారు ముందే చెప్పారు. తర్వాతి స్కాన్ డిసెంబర్‌లో.