ఐవర్సన్‌ని నెత్తిన పెట్టుకోవడం ఇంక చాలదా?

లెక్కల మాస్టారు: ఎవరో ఒకరు అలెన్ ఐవర్సన్‌ని అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో గొప్ప గార్డుల (బంతి నడిపే ఆటగాళ్ల) లిస్టులో పైన పెడుతూనే ఉన్నారు, అందుకే అడుగుతున్నా. 2001లో ఎంవీపీ (ఆ సీజన్ ఉత్తమ ఆటగాడి అవార్డు) ఇచ్చారు, సరే. ఆ సీజన్‌లో వేసిన షాట్లలో పడ్డవి 42 శాతం. కెరీర్ మొత్తం చూసినా 42.5. మ్యాచ్‌కి 26.7 పాయింట్లంటారు, అన్నేసి షాట్లు వేస్తే ఎవరికైనా వస్తాయి.

నిద్రలేని సుబ్బు: వేసి చూపించండి మరి! ఆరడుగుల మనిషి, రోజూ తనకంటే అడుగు పొడుగున్నవాళ్ల మధ్యలోకి దూరి, కిందపడి, లేచి ఆడాడు. ఆ ఫిలడెల్ఫియా టీమ్‌లో ఎరిక్ స్నో, మెకీ, లించ్, సీజన్ మధ్యలో వచ్చిన ముటోంబో, దాదాపు అందరూ డిఫెన్స్ వాళ్లే. షాట్ వేయడానికిచ్చే టైమ్ (షాట్ క్లాక్) అయిపోతుంటే బంతి తెచ్చి ఇతని చేతిలో పెట్టేవాళ్లు. ఇంక శాతం ఎక్కడ మిగులుతుంది? ఆ సీజన్ చివరి నాకౌట్ దశలో, అదే ప్లేఆఫ్స్‌లో, లాస్ ఏంజిలిస్ టీమ్ లేకర్స్ 11 ఆడి 11 గెలిచి ఫైనల్స్‌కొచ్చింది. మొదటి మ్యాచ్‌లోనే వాళ్లింట్లో వాళ్లమీద 48 కొట్టాడు.

లెక్కల మాస్టారు: 41 షాట్లకి 18. తర్వాత నాలుగూ ఓడారు.

చిట్టిబాబు: ఆ మ్యాచ్‌లో షాట్ కొట్టి, కిందపడ్డ లేకర్స్ ఆటగాడు టైరన్ లూని దాటుకుంటూ వేసిన ఆ అడుగు చాలు నాకు.

లెక్కల మాస్టారు: నేనడిగింది శాతం, అడుగు కాదు.

కాకినాడ కుర్రాడు: పక్కన ఇంకో స్కోరర్ కార్మెలో ఆంథోనీ ఉంటే డెన్వర్‌లో 2007-08లో 45.8 వచ్చిందిగా.

లెక్కల మాస్టారు: వచ్చింది, మొదటి రౌండ్‌లోనే 4-0తో ఓడి ఇంటికి. తర్వాత ఇతన్ని డెట్రాయిట్‌కిచ్చి అక్కడి గార్డు బిలప్స్‌ని తెచ్చుకున్నారు, అదే సీజన్‌లో డెన్వర్ కాన్ఫరెన్స్ ఫైనల్‌కి (సెమీఫైనల్ లాంటిది) వెళ్లింది. అంతెందుకు, ప్రాక్టీస్ గురించా మనం మాట్లాడుకునేది అని విలేకరుల ముందు పదేపదే అన్న మనిషి ఇతను.

నిద్రలేని సుబ్బు: అదిగో, ఆ ముక్క వస్తుందని తెలుసు. అందరూ ఆ నవ్వే క్లిప్పే చూస్తారు. 2002 మే అది. బోస్టన్ మీద ఓడి వచ్చాడు, అంతకు ఏడు నెలల ముందు ప్రాణ స్నేహితుణ్ని ఎవరో కాల్చి చంపారు. నా ఫ్రెండ్ పోయాడు, ఈ సీజనూ పోయింది అని అక్కడే చెప్పాడు, ఎవరూ వినలేదు. మా నాయనమ్మ పోతే దినకార్యం అయ్యేదాకా ఊళ్లో ఉన్నానని నన్ను కాలేజీ టీమ్‌లోంచి తీసేశారు. ప్రాక్టీస్‌కి రాలేదట! అందుకని ఆ మాటతో ఎవరైనా నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది.

చిట్టిబాబు: అయ్యో సుబ్బూ.

లెక్కల మాస్టారు: నాయనమ్మ విషయం బాధాకరం, అది తప్పే. కానీ నా సంగతీ విను. మూడేళ్లు తెల్లారగట్ల అయిదింటికి గ్రౌండ్‌కి వెళ్లాను, ఒక్కరోజు మానలేదు. మా టీమ్‌లో ఒక స్టార్ ఉండేవాడు, వారానికి రెండుసార్లు కనిపిస్తే గొప్ప. మ్యాచ్ రోజు వాడు కోర్టులో, నేను బెంచీ మీద తువ్వాళ్లు పట్టుకుని. వాడికి కూడా అందరూ సాకులు చెప్పేవాళ్లు. టాలెంట్ ఉంటే ఏదైనా చెల్లిపోతుందా అన్నదే నా గొడవ, ఇందాకట్నుంచీ.

కాకినాడ కుర్రాడు: మరి ఈ 42 శాతం గోలంతా దేనికి మాస్టారూ!

నిద్రలేని సుబ్బు: మీరు ఏ పొజిషన్ ఆడేవారు?

లెక్కల మాస్టారు: గార్డే. మూడేళ్లకీ కలిపి పదకొండు నిమిషాలు.

నిద్రలేని సుబ్బు: ఆ పదకొండు నిమిషాల్లో షాట్లు ఎన్ని పడ్డాయి?

లెక్కల మాస్టారు: నాలుగుకి ఒకటి. నవ్వకు.