సర్జన్ ఇంటర్వ్యూలో సొంత కేసులోని చిక్కును చెప్పాలా, దాచాలా?

శ్రీకాకుళం నుంచి, జనరల్ సర్జరీ ఎం.ఎస్. పూర్తిచేసిన వైద్యుడు:
వచ్చే నెలలో సీనియర్ రెసిడెంట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. చిక్కు (ఆపరేషన్ తర్వాత తలెత్తిన సమస్య) వచ్చిన కేసు ఒకటి చెప్పమని అడిగితే, అటువంటిది లేదనడమే క్షేమమని మా సీనియర్ ఒకరు సలహా ఇచ్చారు. నాకు మనసొప్పడం లేదు. మీ అభిప్రాయం తెలుపగలరు.

విజయనగరం నుంచి, ప్రైవేటు ఆసుపత్రి సర్జన్:
మీ సీనియర్ చెప్పినదే సబబు. తక్కినవారు చెప్పని తప్పును మీరొక్కరే చెప్పుకుంటే, పది నిమిషాల పరిచయంలో బోర్డుకు గుర్తుండేది అదొక్కటే. చేసిన ఆపరేషన్లు రాసుకునే లాగ్‌బుక్‌లోని సంఖ్యలు చెప్పండి, చాలు.

పలాస నుంచి, ఎంపిక బోర్డులలో కూర్చునే సర్జన్:
డాక్టర్ గారూ, గౌరవంతోనే విభేదిస్తున్నాను. చిక్కే రాలేదన్న అభ్యర్థి తక్కువ కేసులు చేసి ఉండాలి, లేదా ఆపరేషన్ అయ్యాక రోగిని చూడటం మానేసి ఉండాలి. ఆ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి మేము వెంటనే లాగ్‌బుక్ తెరుస్తాం. సంఖ్యలు అక్కడే కూలిపోతాయి. చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే పిత్తాశయ ఆపరేషన్లు యాభై రాసుకున్నవారిని, కెమెరా మాత్రమే పట్టుకున్నవి ఎన్ని, నాళాలను మూసే క్లిప్పు మీరే వేసినవి ఎన్ని అని అడుగుతాం. క్లిప్పుకు ముందు ఏం చూడాలంటే, 1995లో సర్జన్ స్ట్రాస్‌బర్గ్ బృందం చెప్పిన మూడు షరతులను చాలామంది అప్పజెబుతారు: పిత్తాశయం పక్కన నాళాలుండే త్రికోణంలోని కొవ్వు, పీచు తొలగాలి, పిత్తాశయపు కింది మూడోవంతు కాలేయం నుంచి విడివడాలి, పిత్తాశయంలోకి వెళ్లేవి రెండే (దాని నాళం, దాని ధమని) కనబడాలి. అవి కనబడనప్పుడు మీరేం చేశారన్న ప్రశ్నకు పుస్తకం జవాబివ్వదు. సీనియర్‌ను పిలిచానని, కెమెరా పద్ధతి ఆపి పొట్ట తెరిచామని చెప్పగలిగినవారి చేతికి రోగిని అప్పగించడానికి నాకు ధైర్యం కలుగుతుంది.

మన ప్రాంతంలో చేరబోయేవారు ఉద్దానం కిడ్నీ వ్యాధిని మరచి రాకూడదు. అటువంటి రోగికి హెర్నియా ఆపరేషన్ చేసేటప్పుడు సెలైన్ సూది ఎక్కడ గుచ్చాలన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గాని, రేపు డయాలిసిస్ ఫిస్టులాకు (డయాలిసిస్ కోసం సిరను ధమనితో కలిపే ఏర్పాటుకు) పనికివచ్చే ముంజేతి సిరను ఈ రోజు పాడుచేస్తే ఆ మనిషికి ఒక దారి మూసినట్టే. అందుకే అరచేతి వెనుకవైపు సిరను ఎంచుకోవాలి.

విజయనగరం నుంచి:
లాగ్‌బుక్ విషయం ఒప్పుకుంటాను. కాని బోర్డులన్నీ ఒకేలా ఉండవు. చిక్కు చెప్పగానే ముఖం ముడుచుకున్న బోర్డును నేను చూశాను, ఆ ఉద్యోగం నాకు రాలేదు. చెప్పేటట్లయితే రోగి ఎవరో తెలియకుండా, తప్పును యూనిట్ చీఫ్ మీదకో నర్సు మీదకో నెట్టకుండా చెప్పాలి.

శ్రీకాకుళం నుంచి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నేను చేసిన ఒక హెర్నియా ఆపరేషన్‌లో ఐదో రోజున గాయం చీము పట్టింది. ముందురోజే జ్వరం వచ్చినా నేను డ్రెస్సింగ్ విప్పి చూడలేదు. అప్పటి నుంచి జ్వరమనగానే ముందు గాయమే చూస్తున్నాను. బోర్డుకు ఆ కేసే చెబుతాను.