"ఇల్లు బోసిగా ఉంది" అంటాం సరే, బోసిగా లేకపోతే ఏమంటాం?

నమస్తే అందరికీ. ఒక మాట దగ్గర రెండు వారాలుగా ఇరుక్కుపోయాను, మీలో ఎవరైనా బయటపడేస్తారేమోనని రాస్తున్నా. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక చేసుకోండి.

నేను కెనడాలో, ఒంటారియోలో, ఒక వృద్ధాశ్రమంలో పని చేస్తాను. మా అంతస్తులో నలుగురు డచ్ పెద్దవాళ్ళున్నారు, అందరూ తొంభైకి అటూ ఇటూ. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇళ్ళు లేవు, పొలాలు చాలవు అని వాళ్ళ దేశం నెదర్లాండ్స్ ప్రభుత్వమే దారిఖర్చులకి సాయం చేసి మరీ జనాన్ని బయటికి పంపింది. 1950 కొత్త సంవత్సరం ప్రసంగంలో వాళ్ళ ప్రధాని విల్లెమ్ డ్రేస్ కూడా మనలో కొందరు ధైర్యం చేసి ఇంతకన్నా పెద్ద దేశాల్లో బతుకు వెతుక్కోవాలి అన్నట్టుగానే మాట్లాడాడు. మొత్తం మీద యుద్ధం తర్వాత పాతికేళ్ళలో దాదాపు 5 లక్షల మంది వెళ్ళిపోయారు, ఎక్కువమంది కెనడాకీ ఆస్ట్రేలియాకీ. మా దగ్గరున్న ఒక తాతగారిది జేలండ్, నెదర్లాండ్స్‌లో సముద్రం ఒడ్డు ప్రాంతం. 1953 ఫిబ్రవరి 1న సముద్రం కట్టలు తెంచుకుని 1836 మందిని పొట్టన పెట్టుకుంది కదా, ఆ ప్రాంతం. ఆ ఏడాదే హాలిఫాక్స్ రేవులో పియర్ 21 దగ్గర దిగారట, సామానంతా ఒక పెద్ద చెక్కపెట్టెలో. తర్వాత ఆ పెట్టెనే కోళ్ళగూడు చేసుకున్నారట.

ఇన్నేళ్ళూ ఇంగ్లీషులోనే బతికిన మనిషి. ఇప్పుడు మతిమరుపు వచ్చాక ఇంగ్లీషు జారిపోయి డచ్ మిగిలింది. ఇది ఈయన ఒక్కరికే కాదు, డిమెన్షియాలో చాలామందికి జరిగేదే, తర్వాత నేర్చుకున్న భాష ముందు పోతుంది. అందుకని డచ్ మాటలు కొన్ని నోట్‌బుక్‌లో రాసుకుని, పక్కన నాకు తోచిన తెలుగు రాసుకుంటున్నా. ఇంగ్లీషు రాసుకుంటే నాకు గుర్తుండట్లేదు, ఎందుకో మరి.

ఇప్పుడు అసలు సంగతి. సాయంత్రం చీకటి పడగానే మా వాళ్ళు కర్టెన్లు లాగేస్తారు. లాగిన ప్రతిసారీ ఆయన గొడవ, "ఒన్‌ఖెజెలిఖ్, ఒన్‌ఖెజెలిఖ్" అని. (గ కాదు ఖ కాదు, గొంతు వెనకనుంచి గరగరమని రావాలి, నాకింకా రావట్లేదు.) నెదర్లాండ్స్‌లో చాలా ఇళ్ళకి వీధివైపు పెద్ద కిటికీ, రాత్రయినా కర్టెన్ తీసే ఉంటుంది, లోపల దీపం, దీపం కింద కూర్చున్న మనుషులు రోడ్డు మీదకి కనపడుతూ ఉంటారు. మనమైతే దిష్టి తగుల్తుందని ముందు తలుపు కూడా ఓరగా వేస్తాం.

ముందున్న "ఒన్" అంటే "కాదు" అని. మరి ఖెజెలిఖ్ అంటే ఏంటని ఆయన కూతుర్ని అడిగితే ఒకటే నవ్వు. అది చెప్పలేంలే అంది. "ఖెజెల్" అంటే తోడు, స్నేహితుడు. ఇంకా వెనక్కి వెళ్తే ఒకే గదిలో కలిసి ఉండేవాడు అని. అందులోంచి వచ్చిన మాట. నలుగురు చేరి కాఫీ తాగుతుంటే ఖెజెలిఖ్. ఇద్దరే కూర్చుని మాట్లాడుకోకుండా వాన చూస్తున్నా ఖెజెలిఖ్. చిన్న హోటల్, అమ్మమ్మ గది, పక్కింటాయన కబుర్లు, అన్నీ అదే.

నేను మొదట "కళకళలాడటం" అని రాసుకున్నా. కానీ కళకళకి జనం కావాలి, పండగ కావాలి. ఇద్దరు ముసలాళ్ళు వాన చూస్తుంటే ఇల్లు కళకళలాడుతోంది అనం కదా! "సందడి" అంటే చప్పుడు. "హాయి" ఒంటరిగా కూడా ఉండొచ్చు. "కలివిడి" దగ్గరగా ఉంది, కానీ అది మనిషి గుణం, గదికి చెప్పం.

చివరికి తెనాలిలో అమ్మకి ఫోన్ చేసి కర్టెన్ గొడవ చెప్తే, "పాపం ఆయనకి గది బోసిగా అనిపిస్తోందేమో, తీసి ఉంచొచ్చుగా" అంది, అంతే, ఒన్‌ఖెజెలిఖ్‌కి మాట దొరికేసింది. బోసిగా. ఇల్లు బోసిపోయింది, బావురుమంటోంది, వెలవెలబోతోంది. లేనితనానికి మన దగ్గర ఇన్ని ఉన్నాయే, మరి ఉన్నప్పుడు దాన్ని ఏమంటాం? ఇదీ నా ప్రశ్న.

ఇంకో చిక్కు కూడా ఉంది. మీకు మీ దేశం మీద బెంగ లేదా అని వీళ్ళనడిగితే "హైమ్‌వే" లేదు అంటారు, గట్టిగా. హైమ్‌వే అంటే ఇంటిబెంగ. అది ఉందని ఒప్పుకోవడం నామోషీ వాళ్ళకి, వచ్చింది బతకడానికి కదా. కానీ అదే నోటితో పొద్దున్నే బ్రెడ్డు మీద హాఖెల్‌స్లాఖ్ లేదేమని అడుగుతారు. పేరుకి వడగళ్ళవాన, నిజానికి చాక్లెట్ పలుకులు. బ్రెడ్డుకి అంచుల దాకా వెన్న రాయాలి, లేకపోతే పలుకులు అంటుకోవు, జారిపోతాయి. మా తాతగారు డబ్బా ఒంపి, ఎడమచెయ్యి బ్రెడ్డు కింద దోసిలిలా పెట్టి కొరుకుతారు. తినడం అయ్యాక ప్లేటులో రాలినవాటిని తడివేలితో ఒక్కొక్కటే అద్దుకుని నాకుతారు, ఒక్క పలుకు మిగలదు. చేతులు వణికే మనిషికి ఆ ఒక్క పనిలో మాత్రం వణుకు రాదు.

దీన్ని బెంగ అనాలా? నాకైతే అనబుద్ధి కాలేదు. మనం ఇప్పుడు అన్నిటికీ "మిస్ అవుతున్నా" అనేస్తున్నాం, బస్సుకీ అదే, అమ్మకీ అదే. కానీ తెలుగు ఇక్కడ చాలా లెక్కగా ఉంటుంది, విభక్తులు చూడండి. బెంగ *మీద* పెట్టుకుంటాం: అమ్మ మీద, ఊరి మీద. తిండికీ చిన్నచిన్న సుఖాలకీ మొహం వాచిపోతాం, అక్కడ *కి* వస్తుంది: మంచి కాఫీకి మొహం వాచిపోయాం. ఇక ఇల్లయితే మన ప్రమేయం లేకుండా అదే బోసిపోతుంది. అంటే ఈ డచ్ పెద్దవాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. దేశం మీద బెంగ లేదు, హాఖెల్‌స్లాఖ్‌కి మొహం వాచిపోయారు, గది బోసిగా ఉంది. మూడూ వేరు. ఇంగ్లీషులో ఒకే మాట కాబట్టి మా వాళ్ళు మూడింటినీ కలిపి ఫైల్లో "హోమ్‌సిక్" అని రాసేశారు.

ఖెజెలిఖ్‌కి మాట చెప్పండి ప్లీజ్.

*ఐండ్‌హోవెన్ (నెదర్లాండ్స్) నుంచి ఒక సభ్యుడు:*
అక్కా, ఏడేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా, ఆ మాటకి తెలుగు నాకూ దొరకలేదు. కానీ ఇంకో మాటకి దొరికింది. "లెక్కెర్". వీళ్ళు కూర లెక్కెర్ అంటారు, ఎండ లెక్కెర్ అంటారు, లెక్కెర్‌గా నిద్రపట్టింది అంటారు. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత అనిపించింది, మనం కమ్మగా అనట్లేదూ? కమ్మని పప్పు, కమ్మని పాట, కమ్మగా నిద్రపోయా. ఒకటే జాగ్రత్త, లెక్కెర్ అని మనుషుల గురించి అనకూడదు, వేరే అర్థం వస్తుంది. ఆఫీసులో ఒకసారి అని, అర్థం తెలిశాక తల ఎత్తుకోలేకపోయా.

పుట్టినరోజు పద్ధతి గురించి కూడా అడిగి చూడండి. కుర్చీలన్నీ గుండ్రంగా వేస్తారు, వెళ్ళినవాళ్ళు పుట్టినరోజు మనిషికే కాదు, వాళ్ళమ్మకి, నాన్నకి, అక్కడున్న అందరికీ చెయ్యిచ్చి అభినందనలు చెప్పాలి. ఎవరి పుట్టినరోజు ఎప్పుడో రాసుకునే క్యాలెండర్ మాత్రం టాయిలెట్ గోడకి వేలాడుతుంది. మా అమ్మ వచ్చినప్పుడు చూసి, ఇందులో దేవుడి బొమ్మ లేదు కదా అని రెండుసార్లు అడిగింది.

*వరంగల్ నుంచి ఒక సభ్యురాలు:*
మా దిక్కు "ఈడ నాకు మనసున పడ్తలేదు" అంటరు. కొత్త కోడలు అత్తగారింట్ల అంటది, హాస్టల్ పిల్ల అంటది. ఇల్లు మంచిదే, తిండి మంచిదే, అయినా మనసున పడదు. మీ తాతగారి ఒన్‌ఖెజెలిఖ్ అదే కావచ్చు. అట్లయితే ఖెజెలిఖ్ అంటే "మనసున పడ్డది". ఎందుకు కాదు?

*పోస్టు రాసినామె:*
చాలా బావుందండీ, నోట్‌బుక్‌లో ఎక్కించేశా. కానీ మనసున పడటం ఒక్కరి లోపల జరిగేది కదా. ఖెజెలిఖ్ గదిలో ఉంటుంది, అక్కడున్న అందరికీ కలిపి ఒకటే. ఐండ్‌హోవెన్ తమ్ముడూ, క్యాలెండర్ సంగతి నిజమే, ఇక్కడ ఒక బామ్మగారి బాత్రూమ్‌లో ఉంది. భర్త పోయి పదకొండేళ్ళయినా ఆయన తారీఖు కొట్టెయ్యలేదు.

*ఒక పెద్దాయన:*
అమ్మా, సంస్కృతంలో చూస్తే "గోష్ఠి" సరిపోతుంది. గోష్ఠం అంటే ఆవుల కొట్టం. ఆవులు చేరే చోటు కాస్తా మనుషులు చేరే చోటయింది, ఆ తర్వాత వాళ్ళ మాటలకే ఆ పేరు స్థిరపడింది. మీ డచ్ మాటకీ గది నుంచే కదా అర్థం పుట్టింది! రెండు భాషలూ ఒకే దారిలో నడిచాయి.

*పోస్టు రాసినామె:*
గురువుగారూ, వ్యుత్పత్తి అద్భుతం, కానీ ఇప్పుడు గోష్ఠి అంటే మైకు, అధ్యక్షుడు, శాలువా గుర్తొస్తాయి. అంతకన్నా ఒన్‌ఖెజెలిఖ్ ఇంకోటి ఉండదు, తిట్టుకోకండి.

*బందరు నుంచి ఒక సభ్యుడు:*
కాస్త పక్కదారి పడుతున్నా, మన్నించండి. మా ఊళ్ళో వలందపాలెం ఉంది. వలందులు అంటే హాలండు వాళ్ళే. 1600ల తొలి దశాబ్దంలోనే మా రేవులో దిగి వ్యాపారం పెట్టారు. బందరు కోట దగ్గర వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, రాళ్ళ మీద డచ్ అక్షరాలు. చిన్నప్పుడు అక్కడ ఆడుకునేవాళ్ళం. మీ పోస్టు చదివాక అనిపించింది, మా ఎండలో ఉక్కపోతలో వాళ్ళు వేటికి మొహం వాచిపోయి ఉంటారో!

*ఐండ్‌హోవెన్ సభ్యుడు:*
చలిగాలికండీ, అనుమానమే లేదు. వీళ్ళకి దానికోసం ఒక క్రియ కూడా ఉంది, "ఔట్‌వాయెన్", కావాలని గాలిలోకి వెళ్ళి మొహానికి కొట్టించుకుని రావడం. సముద్రం ఒడ్డున నిలబడలేని గాలిలో కూడా నడుస్తుంటారు. మనం "గాలికి తిరుగుతున్నాడు" అంటే పెళ్ళిసంబంధం చెడిపోతుంది.

*వరంగల్ సభ్యురాలు:*
😂 అక్కా, ఆయనకు ఇంకేం కావాల్నంటున్నడు తిండిల?

*పోస్టు రాసినామె:*
బిస్కెట్ మీద "మౌషెస్". మౌషెస్ అంటే చిట్టెలుకలు. పిల్లలు పుడితే చూడ్డానికొచ్చినవాళ్ళకి గుండ్రటి కరకరలాడే బిస్కెట్ మీద వెన్న రాసి ఇవి చల్లి ఇస్తారు. చూస్తే మన హోటళ్ళలో బిల్లుతో పాటు ఇచ్చే పంచదార పూత సోంపు లాంటిదే! సోంపు తింటే బాలింతకి పాలు పడతాయని పాత నమ్మకం. మా అమ్మకి చెప్తే, అయితే కాయం ముద్ద బదులన్నమాట అంది.

ఇంకోటి "డ్రోప్", నల్లగా బిళ్ళల్లా ఉంటుంది. తాతగారి కూతురు నిన్ననే సంచీ నిండా తెచ్చింది. నాకు ఒకటి ఇస్తే మర్యాదకి నోట్లో వేసుకున్నా. తియ్యగా ఉంటుందనుకుంటే ఉప్పు. మామూలు ఉప్పు కూడా కాదు, నాలుక చుర్రుమని ముక్కులోకి ఎక్కింది. ఉమ్మడానికి లేదు, ఆయన నా మొహమే చూస్తున్నారు. ఎలాగో మింగేశా. ఆయన నవ్వారు, ఈ రెండు నెలల్లో మొదటిసారి. "ఖెజెలిఖ్" అన్నారు.

*బందరు సభ్యుడు:*
డ్రోప్ దేంతో చేస్తారండీ?

*పోస్టు రాసినామె:*
అతిమధురం వేరుతో. ఉప్పుదాంట్లో అమ్మోనియం క్లోరైడ్ వేస్తారు, డబ్బా మీద రాసి ఉంది.

*బందరు సభ్యుడు:*
అమ్మోనియం క్లోరైడ్ అంటే నవాసారమే కదా! మా తాత వీధులెంట తిరిగి ఇత్తడిగిన్నెలకి కళాయి పెట్టేవాడు. కాలిన గిన్నెలో నవాసారం పొడి చల్లి గుడ్డతో రుద్దితే గుప్పున తెల్లటి పొగ లేచేది, ముక్కు అదిరిపోయేది. పిల్లలం ఆ పొగకోసమే చుట్టూ చేరేవాళ్ళం. మీ తాతగారు దాన్ని చప్పరిస్తున్నారా?

*పోస్టు రాసినామె:*
రోజుకి నాలుగు. నిన్న రాత్రినుంచి కర్టెన్ తీసే ఉంచుతున్నాం.