క్లచ్ తొక్కితే గేరు గీసుకుంటోంది, వదిలితే బండి లాగడం లేదు. విప్పాల్సిందేనా?

గోదావరి రైతు:
అందరికీ నమస్తే. మాది పాలకొల్లు పక్కన. 35 హార్స్ పవర్ పాత ట్రాక్టర్, నాన్న కొన్నది, డబుల్ క్లచ్. దాళ్వా (రబీ వరి) పనులయ్యాక షెడ్డులో పెట్టేసి, మళ్ళీ సార్వా (ఖరీఫ్ వరి) దమ్ముకే, అంటే నాట్లకి ముందు నీళ్ళలో బురద దున్నకానికే బయటికి తీశాం. తీసిన దగ్గర్నుంచి క్లచ్ పూర్తిగా తొక్కినా ఫస్టు గేరూ రివర్సూ పడేటప్పుడు గరగరమని గీసుకునేవి. మా ఊళ్ళో బండ్లు చూసే ఆయన వచ్చి పెడల్ కింద రాడ్ బిగించి వెళ్ళాడు. అప్పట్నుంచి గేర్లు బాగానే పడుతున్నాయి గానీ, దమ్ములోకి దిగాక నేల గట్టిగా ఉన్నచోట ఇంజిన్ రేస్ పెరుగుతోంది, చక్రాలు మాత్రం కదలడం లేదు, కాసేపటికి కాలిన వాసన కూడా వస్తోంది. ఇప్పుడేమో బండి విడగొట్టి క్లచ్ సెట్ మొత్తం మార్చాలంటున్నాడు. నారు ముదిరిపోతోంది, నాట్లకి మనుషుల్ని మాట్లాడేశాం, చాలా టెన్షన్‌గా ఉంది. విప్పకుండా ముందు చూసుకోగలిగినవి ఏమైనా ఉన్నాయా? ఇంకోటి, క్లచ్ తొక్కినప్పుడు లోపల్నుంచి కీచుమని సన్నగా శబ్దం వస్తోంది, వదిలితే తగ్గుతోంది.

మిర్యాలగూడ మెకానిక్:
అన్నా, ముందు ఆ బండితో దమ్ము ఆపండి. కాలిన వాసన వచ్చాక తోలిన ప్రతి గంటా క్లచ్ ప్లేటుతో పాటు, అది పట్టుకునే ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం) మొహాన్ని కూడా పాడుచేస్తుంది.

మీరు చెప్పినవి రెండు వేరు వేరు జబ్బులు, పైగా ఒకదానికొకటి ఎదురు. గేరు గీసుకుంటోందంటే తొక్కినప్పుడు ప్లేటు పూర్తిగా విడవడం లేదు. లోడులో రేస్ పెరిగి బండి కదలడం లేదంటే వదిలినప్పుడు ప్లేటు పూర్తిగా పట్టడం లేదు. మొదటిదానికి చేసిన మందే మీకు రెండోదాన్ని తెచ్చినట్టుంది. రాడ్ బిగించి పెడల్ ప్లే (పెడల్‌లో ఉండాల్సిన ఖాళీ) మొత్తం తీసేస్తే, కాలు తీసేసినా రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే ముందుకెళ్ళి క్లచ్‌ని విడిపించే బేరింగ్) ఫింగర్ల (క్లచ్‌ని విడిపించే చిన్న లీవర్ల) మీద ఒత్తుతూనే ఉంటుంది, ప్లేటుని ఫ్లైవీల్‌కి నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు నిండుగా బిగుసుకోదు. ఎప్పుడూ హాఫ్ క్లచ్‌లో తోలుతున్నట్టే లెక్క.

ఇంజిన్ ఆపేసి పెడల్‌ని చేత్తో నొక్కి చూడండి. గట్టిగా తగిలేదాకా ఖాళీగా దిగాలి కదా, ఆ ఖాళీ చాలా బండ్లకి సుమారు ఒక అంగుళం, అంటే 25 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ఖాయం చేసుకోండి. ఖాళీ లేకపోతే చెక్‌నట్ (రాడ్ కదలకుండా పట్టి ఉంచే నట్టు) వదులు చేసి రాడ్ సర్ది, మళ్ళీ చెక్‌నట్ బిగించండి. తర్వాత గట్టి నేల మీద, ముందూ వెనకా మనుషులు లేకుండా చూసుకుని, బ్రేకులు రెండూ కలిపి లాక్ చేసి, టాప్ గేర్లో పెట్టి, సగం రేస్ ఇచ్చి పెడల్ నెమ్మదిగా వదలండి. క్లచ్ బాగుంటే ఇంజిన్ అక్కడికక్కడే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టే, వెంటనే పెడల్ తొక్కేయండి. ఈ పరీక్ష ఒక్కసారి చాలు, పదేపదే చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలుతుంది.

అసలు మొదట గేరు ఎందుకు గీసుకుంది అన్నది వదిలెయ్యకండి. ఒకరిని పెడల్ మెల్లగా తొక్కమని మీరు కింద నుంచి చూడండి. పెడల్ దిగుతున్నా హౌసింగ్ పక్కన ఉన్న ఆర్మ్ ఆలస్యంగా కదిలితే పిన్నులు, బుష్‌లు అరిగి రంధ్రాలు సాగిపోయాయని అర్థం. తొక్కిన తొక్కుడు అక్కడే తినేస్తుంది, లోపలిదాకా చేరదు. చాలామంది పిన్నులు మార్చకుండా రాడ్ బిగించి పంపేస్తారు, రైతు నష్టపోయేది అక్కడే.

శబ్దం సంగతికొస్తే, తొక్కినప్పుడే వస్తోంది కాబట్టి అనుమానం రిలీజ్ బేరింగ్ మీద. తొక్కితే పోయి వదిలితే వచ్చే శబ్దమైతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ని అనుమానించాలి.

సింధనూరు క్యాంపు:
పైన చెప్పిందంతా కరెక్టు. నేనొకటి కలుపుతాను. మాది కర్ణాటకలో తుంగభద్ర కాలవ కింద, ఇక్కడా వరే, దమ్ములే. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. కొన్నింటికి స్ప్లిట్ పిన్ వేలాడుతూ ఉంటుంది, కొన్నింటికి దమ్ము చేసేటప్పుడు బురద లోపలికి పోకుండా ప్లగ్ బిగిస్తారు. దమ్ము అవ్వగానే ఆ ప్లగ్ తీసెయ్యాలి, కానీ ఎవరికీ గుర్తుండదు. మీ బండి పోయిన సీజన్ నుంచి ప్లగ్‌తోనే షెడ్డులో ఉందేమో చూడండి తమ్ముడూ. లోపల చేరిన నీళ్ళకి ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కి అంటుకుంటుంది, నెలల తరబడి కదలని బండికి మొదట్లో గేర్లు గీసుకోవడానికి అదొక పెద్ద కారణం.

ప్లగ్ తీసి ఏం కారుతోందో వేలితో ముట్టి చూడండి. పల్చగా నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్, క్రాంక్ వెనక సీల్ పోయింది. చిక్కగా, నలుపు లేకుండా ఉంటే గేర్‌బాక్స్ వైపు సీల్. బురద నీళ్ళే అయితే కారనివ్వండి. ఆయిల్ కనిపిస్తే మాత్రం రాడ్ ఎంత సర్దినా లాభం లేదు. పెట్రోల్ పోసి కడిగి తోలేవాళ్ళున్నారు, ఆరిన రోజు పట్టినట్టే ఉంటుంది, వేడెక్కేసరికి లైనింగ్‌లోకి (ప్లేటు మీద పట్టు కోసం ఉండే పొరలోకి) ఇంకిన ఆయిల్ మళ్ళీ పైకొస్తుంది. అక్కడ డబ్బులూ టైమూ పోగొట్టుకోకండి.

గోదావరి రైతు:
ఇద్దరికీ థ్యాంక్స్ అన్నా. మీరన్నట్టే చూశాం. పెడల్‌లో ఖాళీ అసలు లేదు. అంగుళం వచ్చేలా రాడ్ సర్ది పరీక్ష చేస్తే ఇంజిన్ ఆగింది గానీ వెంటనే కాదు, కాసేపు గుంజుకుని గుంజుకుని ఆగింది. ప్లగ్ బిగించే ఉంది, తీస్తే ముందు బురద నీళ్ళు, వెనకే నల్లటి పల్చటి ఆయిల్ కారింది. పెడల్ దగ్గర పిన్నులు రెండూ చేత్తో ఊపితే ఊగుతున్నాయి. ఇక విప్పక తప్పదనే అనుకుంటున్నాం. ఏమేం తెచ్చుకోవాలి? పాత ప్లేటుకే కొత్త లైనింగ్ కొట్టిస్తే సరిపోతుందా?

మిర్యాలగూడ మెకానిక్:
నల్ల ఆయిల్ కనిపించింది కాబట్టి విప్పడమే న్యాయం. లైనింగ్ కొట్టించొచ్చు, మధ్యలో హబ్ పళ్ళు, స్ప్రింగులు బాగుంటేనే. హబ్ షాఫ్ట్ మీద వదులుగా ఆడుతుంటే కొత్త ప్లేటే తెచ్చుకోండి. క్రాంక్ వెనక సీల్, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ సీల్ రెండూ మార్చండి, ఒకటే కారుతున్నా సరే, ఎందుకంటే రేపు రెండోది పోతే మళ్ళీ ఇదే విప్పుడు. రిలీజ్ బేరింగ్, ఫ్లైవీల్ మధ్యలో ఉండే పైలట్ బేరింగ్ కూడా కొత్తవి వెయ్యండి. పైలట్ బేరింగ్ బిగుసుకుపోతే షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది, కొత్త క్లచ్ వేసినా గేరు గీసుకోవడం పోదు. ఫ్లైవీల్ మొహం మీద నీలం మచ్చలు, సన్నటి చీలికలు కనిపిస్తే లేత్‌కి పంపండి, మీకు విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతారు. చీలిక లోతుగా ఉంటే ఆ ఫ్లైవీల్ వాడొద్దు.

విడగొట్టేటప్పుడు ఒక్కటి గట్టిగా చెప్తున్నా. ముందు యాక్సిల్ మధ్య పిన్ను మీద ఊగుతుంది కాబట్టి, వెనక భాగం విడిపోగానే ఇంజిన్ ఏదో ఒక పక్కకి ఒరిగిపోతుంది. విడదీయకముందే యాక్సిల్‌కీ పైనున్న బ్రాకెట్‌కీ మధ్య రెండు పక్కలా చెక్క ముక్కలు బిగించాలి, రెండు భాగాల కిందా గట్టి స్టాండ్లు ఉండాలి. ఒట్టి జాకీల మీద బరువు నిలబెట్టి మనిషి కిందకి దూరకూడదు. లోపలి పొడిని గాలి పైపుతో ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, తడిగుడ్డతో తుడిచెయ్యండి.

డబుల్ క్లచ్ కాబట్టి ఫింగర్ల ఎత్తు అన్నీ ఒకే కొలతలో ఉన్నాయో లేదో గేజ్‌తో చూసే బిగించమనండి. సగం తొక్కితే చక్రాలు ఆగాలి, పూర్తిగా తొక్కితే పీటీఓ (వెనక తగిలించే పనిముట్లని తిప్పే షాఫ్ట్) ఆగాలి. రోటావేటర్ తగిలించే బండికి ఇది మనిషి ప్రాణంతో పని.

సింధనూరు క్యాంపు:
బిగించాక మొదట్లో తేలిక పనులకే వాడండి, నేరుగా దమ్ములోకి దించొద్దు. ప్లేటు అరిగేకొద్దీ పెడల్ ఖాళీ తనంతట తానే తగ్గుతుంది, సీజన్లో వారానికోసారి చేత్తో చూసుకోండి. డ్రైవర్ కాలు పెడల్ మీద పెట్టి తోలకుండా చూడండి. ఈసారి షెడ్డులో పెట్టేటప్పుడు పెడల్ తొక్కి, చెక్క ముక్క అడ్డం పెట్టి ఉంచితే ప్లేటు అంటుకోదు.

గోదావరి రైతు:
సరే అన్నా. నారు ఆగదు కాబట్టి ఈ సార్వా దమ్ముకి పక్కూరి బండి మాట్లాడేశాను. సామాన్లు తేవడానికి ఆటోనగర్ వెళ్తున్నాం, యాక్సిల్‌కి చెక్కలు ఇప్పుడే కోయిస్తున్నా. ఫ్లైవీల్ బయటికి తీశాక ఫోటో పెడతాను, లేత్‌కి పంపాలో వద్దో చూసి చెప్పండి.