వేరుశనగా, పల్లీలా, బుడ్డలా? అనువాదంలో మీకు మాండలికం ఎక్కడ అడ్డుపడింది?

గోదారిగట్టు:
రైతుల కోసం ఒక మొబైల్ యాప్‌ను తెలుగులోకి చేస్తున్నా. 'గ్రౌండ్‌నట్' అన్నచోటల్లా 'వేరుశనగ' అని రాసి పంపేశా. అనంతపురం జిల్లాలో ఒక పెద్దాయన ఫోన్‌లో "బుడ్డలకు తెగులు" అని మాట్లాడి వెతికితే ఏమీ రాలేదట. యాప్ వాళ్ళు తప్పు నాదేనంటున్నారు. ఒక్క మాటే ఎంచుకోవాలట. మీకిలాంటివి ఎదురయ్యాయా?

సీమ_చెనిక్కాయ:
ఒక్క మాటతో యాడ సరిపోతుంది సామీ! కర్నూలు పక్క బుడ్డలు, మా చిత్తూరు పక్క చెనిక్కాయలు. వేరుశనగ అనేది రేడియోలో, బస్తాల మీద కనపడే మాట.

పాలమూరు_పోరడు:
మా దిక్కు చేన్ల ఉన్నప్పుడు పల్లికాయ, ఒలిచినంక పల్లీలు. అన్నా, భద్రిరాజు కృష్ణమూర్తి గారి 'మాండలిక వృత్తి పదకోశం' చూసినవా? వ్యవసాయం సంపుటి 1962లనే వచ్చింది. ఊర్లు తిరిగి రైతుల నోటి మాటలు పట్టుకొచ్చిన్రు. చేనేతది 1971ల వచ్చింది. యాప్‌లు చేసేటోళ్లు ముందుగాల అది తెరిస్తే సగం పంచాయితీ తెగుతది.

రాత్రిపూట_దుబాసీ:
అమెరికా ఆసుపత్రులకు ఫోన్‌లో దుబాసీ పని చేస్తాను. ఓ రాత్రి కరీంనగర్ పెద్దావిడ "రెండు దినాల సంది పానం మంచిగ లేదు" అంది. నేను భీమవరం మనిషిని. పానమంటే ప్రాణమని తెలుసు, అంతవరకే. మాటకు మాట చెబితే అవతల డాక్టరు కంగారుపడిపోతాడు. ఒంట్లో నలతేమోనని ఊహించి చెప్పేద్దామంటే మా పనిలో అది కూడదు. రోగి 'నాకు' అంటే మేమూ 'నాకు' అనే చెప్పాలి. ఏదైనా తేల్చుకోవాలంటే, అడుగుతున్నది దుబాసీ అని ఇద్దరికీ చెప్పి మరీ అడగాలి. అలాగే అడిగా. "జరమొచ్చింది బిడ్డా, గంతే" అంది.
ఆ తర్వాత తెలంగాణ స్నేహితురాలితో కూర్చుని ఒంటి బాధల మాటలన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నా.

హిందీ_నుంచి:
నాకు యాస కంటే 'కల్' పెద్ద తలనొప్పి. రేపూ అదే, నిన్నా అదే. క్రియ లేకుండా 'కల్ కీ మీటింగ్' అని శీర్షిక వస్తే ఏం చేయను? ఇంగ్లీషులో 'సిస్టర్' కూడా అంతే, అక్కో చెల్లో ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే. జపనీస్ చేసే మిత్రుడికీ ఇదే గొడవట, వాళ్ళకీ అక్క వేరు, చెల్లెలు వేరు.

ఉట్నూరు_బాట:
మీకు అచ్చయిన పదకోశమైనా ఉంది. నేను గోండిలో ఆరోగ్య కరపత్రాలు చేస్తాను. 2011 జనగణన ప్రకారం గోండి మాట్లాడేవాళ్ళు దాదాపు 30 లక్షల మంది, అదీ నాలుగైదు రాష్ట్రాల్లో. మా దగ్గర తెలుగు మాటలు కలుస్తాయి, చంద్రపూర్ వైపు మరాఠీ, ఇంకా పైకెళితే హిందీ. బస్తర్ వైపు రాసిన కరపత్రాన్ని ఇక్కడ చదివి వినిపిస్తే ముసలివాళ్ళు సగంలోనే నవ్వడం మొదలుపెట్టారు.
సరే, మన మాటల్లోనే రాద్దామనుకుంటే ఏ లిపిలో? మసరాం గోండి 2017లో, గుంజాల గోండి 2018లో యూనికోడ్‌లోకి వచ్చాయి. గుంజాల మా జిల్లా ఊరే, ఆ లిపి అంటే గర్వమే. కానీ మా ఊళ్ళో చదువుకున్నవాళ్ళు చదివింది తెలుగు బళ్ళో. తెలుగు లిపిలో ఒకటి, గుంజాల లిపిలో ఒకటి చేశాం. చివరికి జనానికి చేరింది మాత్రం ఒకావిడ గొంతుతో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపిన నాలుగు నిమిషాల ఆడియో.

గోదారిగట్టు:
అందరికీ దండాలు. ఆడియో మాట వాళ్ళకు చెప్పా, ఒప్పుకున్నారు. చూపించేది వేరుశనగే. వెతుకులాటలో మాత్రం పల్లీలు, బుడ్డలు, చెనిక్కాయలు ఏది పలికినా అక్కడికే వెళుతుంది. బటన్ మీద కూడా బుడ్డలని పెడదామా అని అడుగుతున్నారు.

కాకినాడ_కాజా:
బాబూ, మా వైపు మాత్రం పెట్టకండి. ఇక్కడ బుడ్డంటే మా తాతయ్యకు ఆపరేషన్ చేసిన జబ్బు.