కయాక్ మీద కొర్రమీను వేట: రోజంతా నీటి మీద గడిపేవారి అనుభవాలు

పిచ్చాటూరువాసి:
అందరికీ నమస్కారం. గట్టు మీద కూర్చొని గాలం వేసే అలవాటు మన వైపు చాలామందికి ఉన్నా, కయాక్ (తెడ్డుతో నడుపుకునే సన్నని చిన్న పడవ) మీద నీటి నడుమకు వెళ్లి కొర్రమీనును వేటాడేవారు ఇంకా తక్కువే. ఎవరి అనుభవం వారు ఇక్కడ రాస్తే కొత్తవారికి దారి దొరుకుతుందని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఈశాన్య రుతుపవనాలు తగ్గి ఆరణియార్ జలాశయంలో నీరు నిలకడకు వచ్చే సంక్రాంతి రోజుల్లో నేను వెళ్తుంటాను. తెల్లవారకముందే కయాక్ దించి, సగం మునిగిన తుమ్మచెట్ల దాకా తెడ్డు చప్పుడు వినబడకుండా వెళ్లి, ఆ తరువాత తెడ్డును ఒడిలో పెట్టుకొని కదలకుండా కూర్చుంటాను. కొర్రమీను మొప్పలతోనే సరిపెట్టుకోదు, నేరుగా గాలి కూడా పీల్చుకుంటుంది కనుక ఎంత అడుగున దాగినా కొంతసేపటికి పైకి రాక తప్పదు. వచ్చినప్పుడు నీటి మీద చిన్న సుడి తిరుగుతుంది, దాని వెనకే రెండు మూడు బుడగలు లేస్తాయి. సరిగ్గా ఆ సుడి మీద ఎర పడితే చేప బెదిరిపోతుంది. దానికి బారెడు అవతల రబ్బరు కప్పను వేసి, నాచు మీదుగా ఆగి ఆగి లాగుతూ ఆ చోటికి తేవాలి. ఒక్కసారిగా నీరు పగిలిన చప్పుడు వినబడుతుంది. అప్పుడు వెంటనే గుంజకుండా, దారం బరువు చేతికి తెలిసేదాకా ఆగితేనే ముల్లు దవడలో దిగుతుంది.

నా ప్రశ్న ఒక్కటే. ఎండెక్కాక గాలి లేచినప్పుడు కయాక్‌ను ఒకచోట ఎలా నిలుపుతున్నారు?

పలమనేరు అబ్బాయి:
అన్నా, మాది పలమనేరు. ఉద్యోగరీత్యా టెక్సాస్‌లో ఉంటున్నాను. ఇక్కడి లేక్ ఫోర్క్ అనే జలాశయంలో బాస్ అనే మంచినీటి వేటచేపల కోసం కయాక్ మీద వెళ్తుంటాను. మీరు చెప్పిన మునిగిన చెట్లు ఇక్కడా ఉన్నాయి, చేప వాటి నీడలో పొంచి ఉండి ఎరను మింగే తీరు కూడా దాదాపు అదే. అయితే బాస్‌కు గాలి కోసం పైకి రావలసిన అవసరం లేదు కాబట్టి మనకు సుడి కనిపించదు. ఏ మొద్దు పక్కన నీడ ఉంది, నీరు ఎంత వెచ్చబడింది అన్నది చూసుకొని ఎర వేయాలి. వసంతంలో నీటి వేడి సుమారు 16 డిగ్రీలకు చేరేసరికి మగ చేప లోతు తక్కువ చోట గూడు చేసుకొని గుడ్లకు కాపలా కాస్తుంది.

ఇక గాలి సంగతి. కయాక్ మీద రోజు ఎలా గడుస్తుందో చేప కన్నా గాలే ఎక్కువగా నిర్ణయిస్తుందని నా అభిప్రాయం. ఉదయం ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు గాలికి ఎదురు వెళ్లి, మధ్యాహ్నం అలసిపోయాక అదే గాలి మనల్ని ఒడ్డు వైపు తోసేలా దారి ఎంచుకోవాలి. లంగరు తాడును ముందు కొసకు గాని వెనక కొసకు గాని కట్టాలి. పక్కన మధ్యలో కడితే అల అడ్డంగా తగిలి కయాక్ తిరగబడుతుంది. లైఫ్‌జాకెట్ వెంట ఉండాలని ఇక్కడ చట్టమే ఉంది, కానీ వెంట ఉంచుకుంటే చాలదు, ఒంటి మీద వేసుకోవాలి.

పుత్తూరు మాష్టారు:
ఇద్దరూ చక్కగా రాశారు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పదలచాను. నీటి మీద ఎర్రని కొర్రమీను పిల్లలు గుంపుగా, ఒకే ముద్దలా కదులుతూ కనిపిస్తే దాని కిందే తల్లీతండ్రీ ఉంటాయి. దగ్గరకు వచ్చిన దేనినైనా అవి కరుస్తాయి కనుక అప్పుడు పట్టడం చాలా తేలిక, అందుకే చాలామంది అక్కడే ఎర వేస్తారు. ఆ పెద్ద చేపను తీసేస్తే పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి. దయచేసి అటువంటి గుంపు కనిపిస్తే తెడ్డు వేసి దూరంగా వెళ్లండి.

పలమనేరు అబ్బాయి:
మాష్టారు గారూ, మీ మాట నిజం. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను తిరిగి నీళ్లలో వదిలేయాలన్న నియమం ఉంది. గుడ్లు పెట్టే వయసు చేపలు మిగలాలన్నదే దాని ఉద్దేశం. మన చెరువుల్లోనూ ఎవరికి వారు అలాంటి హద్దు పెట్టుకోవచ్చు.

చంద్రగిరి కోట:
అనుమతుల గురించి ఎవరూ రాయలేదు. చెరువును మత్స్యకారుల సంఘం వేలంలో పాడుకొని ఉంటే ముందుగా వారిని అడగాలి, చేప పిల్లలను వదిలి పెంచుకున్నది వారే. కల్యాణి డ్యామ్ మాకు దగ్గరే అయినా అది తిరుపతికి తాగునీరు ఇచ్చే జలాశయం, పైగా అడవిని ఆనుకొని ఉంది. అక్కడ కయాక్ దించే ఆలోచన పెట్టుకోవద్దు.

పిచ్చాటూరువాసి:
అందరికీ కృతజ్ఞతలు. లంగరు విషయంలో నేను పాటించేదొకటి చెబుతాను. తుమ్మకొమ్మల మధ్య ఇనుప లంగరు చిక్కుకుంటే ఊడదు కాబట్టి, కొబ్బరి తాడుకు గుండ్రని రాయి కట్టి వెనక కొస నుంచి దించుతాను. కయాక్ వైపున్న కొసకు మాత్రం ఒక్క లాగుతో విడిపోయే జారుముడి వేస్తాను. రాయి ఎక్కడైనా ఇరుక్కున్నా, ఉన్నట్టుండి గాలి పెరిగినా తాడు వదిలేసి వెంటనే కదలవచ్చు. మునిగిన చెట్లు లేని, బురద అడుగున్న చెరువుల్లో ఏ లంగరు బాగా నిలుస్తుందో అనుభవం ఉన్నవారు రాయగలరు.